హోటలు గల్లా - పెట్టుబడి నిర్ణయం

హోటలు వ్యాపారంలో లాభం వేరు, చేతికొచ్చే రొక్కం వేరు. ఖాతాలో లాభం కనిపించినా బాకీలు వసూలు కాకపోతే రేపటి పాలకు, బియ్యానికి పైకం ఉండదు.

ఉట్నూరునే తీసుకుందాం. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు జనం తరలివస్తారు, బేరం పెరుగుతుంది. ముసురు పట్టిన వానాకాలంలో అదే బేరం సన్నగిల్లుతుంది. రంజానులో పగటి అమ్మకం తగ్గి, ఇఫ్తార్ తర్వాత పుంజుకుంటుంది. జాతరనాటి గల్లా చూసి రెండో హోటలు తెరిచినవాడు వానాకాలపు అద్దెకు అప్పు చేయవలసివస్తుంది. కనుక మందకొడి నెలల ఖర్చులు కూడా పోగా, ఏడాది చివర మిగిలే రొక్కమే విస్తరణకు కొలబద్ద.

పెద్ద కంపెనీల విషయంలోనూ ఈ ప్రశ్న ఉన్నది. బయటి నిధులు సులభంగా దొరకని కంపెనీల పెట్టుబడి సొంత రొక్కాన్ని బట్టే హెచ్చుతగ్గులవుతుందని 1988లో ఫజారి, హబ్బర్డ్, పీటర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికా తయారీ కంపెనీలను పరిశీలించి చెప్పారు. రొక్కం వెంట పెట్టుబడి నడిచినంత మాత్రాన నిధుల కొరత ఉన్నట్టు కాదని 1997లో కప్లాన్, జింగాలెస్ ఆక్షేపించారు.

వడ్డీకి దూరంగా ఉండే వ్యాపారికి ముఖ్యంగా మిగిలేవి సొంత నిల్వ, ముషారకా అనే భాగస్వామ్యం. అందులో లాభం ఒప్పందం ప్రకారం, నష్టం పెట్టుబడి వాటా ప్రకారం పంచుకోవాలి. కాబట్టి భాగస్వామిని పిలిచేముందే పన్నెండు నెలల రాబడి, ఖర్చుల పట్టీ అతని ముందుంచాలి. అతని సొమ్ము మన చేతిలో అమానత్.