నోవహు ఓడలో ఒక పుట్టినరోజు

మన పల్లెలలో బిడ్డ పుట్టినరోజు ఒకప్పుడు ఎంతో చిన్న సంగతి. ఉదయం తలంటి స్నానం, వీలుంటే కొత్త బట్టలు, సాయంత్రం పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేయటం, వచ్చిన నలుగురికీ గారెలో సేమ్యా పాయసమో పెట్టటం. ఇప్పుడు అదే ఇంటి ముందు షామియానా, వీధి మొగలో ఫ్లెక్సీ, మైకు సెట్టు, అంతస్తుల కేకు. మొదటి పుట్టినరోజుకు వడ్డీకి తెచ్చిన సొమ్ము రెండవ పుట్టినరోజు నాటికి కూడా తీరని కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. ఎవరినీ తప్పుపట్టుటకు ఈ మాట అనటం లేదు. బిడ్డ ముచ్చట తీర్చాలని ఏ తల్లిదండ్రులకు ఉండదు?

అయితే అప్పు కంటె మమ్మును ఎక్కువ కలవరపెట్టేది మరొకటి ఉన్నది. ఇటువంటి విందులలో షామియానా గుంజ పట్టుకొని నిలబడే పిల్ల ఒకతె తప్పక కనిపిస్తుంది. పుట్టినరోజు జరిగేది ఆమె తరగతి స్నేహితురాలికే. కాని చేతిలో రంగు కాగితం చుట్టిన కానుక లేదు గనుక లోపలికి రాదు. లోపల ఏమి జరుగుతున్నదో చూస్తే, కేకు చుట్టూ పెద్దలు, ఫోను పట్టుకొని ఫొటోలు తీసేది పెద్దలు, ముందు బంతిలో భోజనానికి కూర్చునేది పెద్దలు. పుట్టినరోజు పాపకు అప్పటికే నిద్ర ముంచుకొస్తూ ఉంటుంది.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈసారి వేరే విధముగా చేసి చూడండి. ఒక కథనో, ఒక చెట్టునో అంశముగా తీసుకొని సాయంత్రమంతా దాని చుట్టూనే అల్లండి. పట్టణాలలో దీనినే థీమ్ పార్టీ అంటున్నారు. కార్టూను బొమ్మల పేరున అలంకరణ సామగ్రి అంతా కట్టలు కట్టి అమ్ముతున్నారు. మనకు అవి అక్కరలేదు. అంశము ఒక్కటి కుదిరితే ఏమి కట్టాలి, ఏమి ఆడించాలి, ఏమి వండాలి అని వేరువేరుగా తల పట్టుకోనవసరం లేదు. పైగా లోపలికి రావటానికి తేవలసిన వస్తువు ఏమిటో మనమే నిర్ణయించవచ్చు. ప్రతి బిడ్డ ఇంట్లోనూ దొరికేదే అడగవచ్చు.

పిల్లలందరికీ తెలిసిన కథ నోవహు ఓడ. పిలుపు ఇలా ఉండనివ్వండి: “శనివారం నాలుగు గంటలకు ఓడ బయలుదేరుతుంది. ఓడలో వంటకు పిడికెడు బియ్యం తీసుకొని రండి.” అంతే. స్త్రీల సమాజము వారు పిడికెడు బియ్యం తీసిపెట్టే సంఘములలో పిల్లలకు ఈ మాట కొత్తగా కూడా అనిపించదు. వచ్చిన బియ్యమంతా ఒక గిన్నెలో పోసి, ఇంట్లోని పెసరపప్పు కలిపి, పిల్లల ఎదుటే పులగం పొయ్యి మీద పెట్టండి. తాను తెచ్చిన బియ్యం ఉడుకుతున్నదని తెలిసిన పిల్లవాడు గుంజ దగ్గర నిలబడడు.

మొదటి ఆట జంటలది. చిన్న చీటీల మీద జంతువుల పేర్లు రాయండి. ఒక్కొక్క పేరు రెండు చీటీల మీద ఉండాలి. చదవటం రాని చిన్నవారికి చెవిలో చెప్పండి. అందరూ కళ్లు మూసుకొని తమ జంతువు కూత కూస్తూ జంటను వెదకాలి. ఇరవైమంది పిల్లలు ఒక్కసారి అంబా అని, మే మే అని, కొక్కొరోకో అని మొదలుపెడితే వీధిలో వారంతా వచ్చి అరుగుల మీద కూర్చుంటారు! మేకపిల్ల కూతకు రాజుగారి బిడ్డయినా కూలివాని బిడ్డయినా ఒకటే గొంతు. ఒకరు ఎక్కువైతే వానిని నోవహును చేయండి, అది అన్నింటికంటె గొప్ప వేషము.

రెండవది కొలత. ఆదికాండము ఆరవ అధ్యాయములో ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని ఉన్నది. పుట్టినరోజు బిడ్డ మూరతో పది మూరల తాడు కొలిచి, దానిని ముప్పైసార్లు పరుస్తూ వీధి వెంట నడవండి. తరువాత తాతగారి మూరతో ఇంకొక తాడు కొలవండి. తాతగారి ఓడ చాలా దూరం ముందుకు పోతుంది. మూర అంటే సుమారు అడుగున్నర అనుకుంటే అసలు ఓడ 450 అడుగులు. మీ ఊరిలో బడి నుండి ఎంతవరకు వస్తుందో పిల్లలు కళ్లారా చూసిన తరువాత ఆ కథను ఇక మరచిపోరు. అక్కడే ఒక ప్రశ్న వేయండి: జంతువులన్నీ రెండేసియేనా? పెద్దలు కూడా తడబడతారు. పవిత్ర జంతువులను ఏడేసి చొప్పున తీసుకొమ్మని ఏడవ అధ్యాయములో ఉన్నది.

నీళ్ల గాబులో కాగితపు పడవల పందెం పెడితే మిగిలిన గంట దానంతటదే గడిచిపోతుంది. చిన్నపిల్లలున్నచోట గాబు దగ్గర ఒక పెద్ద మనిషి తప్పక ఉండాలి.

కేకు ఉండి తీరాలని బిడ్డ అడిగితే ఇంట్లోనే చేయవచ్చు. కుక్కరులో అంగుళం మందాన ఇసుకగాని ఉప్పుగాని పరచి, రబ్బరూ విజిలూ తీసివేసి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, రవ్వ కేకు గిన్నె లోపల పెట్టి సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచితే చాలు. కొవ్వొత్తులు ఊదటం కొందరు పెద్దలకు నచ్చదు. ఊదకపోతే కేకు రుచి ఏమీ తగ్గదు గనుక దాని కోసం ఇంట్లో తగవు పడనక్కరలేదు.

కాని మంట దగ్గర ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. పుట్టినరోజు బిడ్డ మీద తెల్లని నురుగు చిమ్మే డబ్బాలు ఇప్పుడు పల్లె దుకాణాలకు కూడా వచ్చినవి. వాటిలో నురుగును బయటికి తోసే వాయువు చాలావరకు మండే స్వభావము గలది. వెలుగుతున్న కొవ్వొత్తి ఎదుట దానిని చిమ్మితే క్షణంలో మంట ముఖానికి అంటుకొంటుంది. ఆ డబ్బా అసలు కొనవద్దు. పైకి ఎగిరే బుడగలలో చాలాచోట్ల నింపేది హైడ్రోజను. అదీ నిప్పు తగిలితే పేలేదే. నోటితో ఊదిన బుడగలు మేలు, అయినా పగిలిన ముక్కలను వెంటనే ఏరివేయండి, పసిపిల్లలు నోట పెట్టుకొంటే గొంతుకు అడ్డుపడతాయి. నాలుగేళ్లలోపు వారికి వేరుశనగ గుండ్లు, గట్టి బిళ్లలు పెట్టకండి. థర్మోకోలు అలంకరణ, బుడగల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి మన దేశములో నిషేధము. విస్తరాకు మనకు ఎలాగూ ఉన్నది.

పాట సంగతి. ప్రపంచమంతా పాడే పుట్టినరోజు పాట బాణీ అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు అక్కచెల్లెళ్లు మిల్‌డ్రెడ్ హిల్, ప్యాటీ హిల్ కూర్చినది. 1893లో అచ్చయినప్పుడు అది పుట్టినరోజు పాట కాదు, బడిలో పసిపిల్లలు ఉదయం పలకరించుకొనే పాట. ప్యాటీ చిన్నపిల్లల బడి ఉపాధ్యాయిని, చంటిపిల్లల గొంతుకు కూడా అందాలని అంత తేలికగా చేశారు. అందుచేత మైకు సెట్టు ఆపి పిల్లలనే పాడనివ్వండి. శ్రుతి ఎటు పోయినా ఫరవాలేదు.

వేసవిలో పుట్టిన బిడ్డకు ఓడ కంటె తాటిచెట్టు మంచి అంశము. ముంజెలు తినటమే విందు. ఖాళీ కాయలు రెంటిని పుల్లతో కలిపి, పంగలకర్రతో తోసుకొంటూ పోయే బండిని ఈనాటి పిల్లలలో ఎంతమంది చేయగలరు? తాటాకు బూర, తాటాకు గిరక చేయగల తాతలు ఇంకా ఉన్నారు. ఆ రోజు వారిని ముఖ్య అతిథిగా పిలవండి. కత్తి మాత్రం వారి చేతిలోనే ఉండాలి. పిల్లలు తేవలసినది ఒక తాటాకు రెల్ల.

వానాకాలపు బిడ్డలకు గింజల పండుగ. మా మట్టుకు మాకు అన్నింటిలోకి ఇదే ఎక్కువ ఇష్టము, ఎందుకంటే ఇది పది రోజుల ముందే మొదలవుతుంది. పిలవదలచిన పిల్లల పేర్లు బిడ్డ చేతనే రాయించండి. రాసిన తరువాత, “మీ తరగతిలో ఎవరూ పిలవనివారు ఎవరైనా ఉన్నారా?” అని అడగండి. బిడ్డకు వెంటనే తెలుస్తుంది. ఆ పేరు కూడా చేర్చండి. పేరుకొక కొబ్బరిచిప్ప తీసుకొని, నీరు పోవటానికి అడుగున కన్ను పొడిచి, మట్టి నింపి, రాత్రి నానబెట్టిన చిక్కుడు గింజ ఒకటి నాటాలి. చిప్ప మీద సున్నంతో పేరు రాయాలి. రోజూ నీళ్లు చిలకరించేది బిడ్డే. వారం లోపే మట్టి పగిలి మొలక వంగి పైకి వస్తుంది. ఫలానా వాడి గింజ ఇంకా లేవలేదని బిడ్డ బెంగపడటం చూడండి. రంగు కాగితపు కానుకలు ఇంత ఆలోచన పుట్టించవు.

పండుగ నాడు వచ్చిన పిల్లలు తమ ఇంటి నుండి ఏదో ఒక గింజ పిడికెడు తేవాలి: అనుములు, బెండ, గోరుచిక్కుడు, జొన్న, ఏదైనా సరే. కళ్లకు గంతలు కట్టి తడిమి పేరు చెప్పించటం ఆట. ఉడికించిన అలసందల గుగ్గిళ్లు, బెల్లం పానకం విందు. చీకటి పడకముందే, ఆరు గంటలకల్లా, ఎవరి పేరుగల చిప్పను వారికి ఇచ్చి పంపండి.

చిప్పలు సిద్ధము చేసేటప్పుడు పేరు రాయనివి నాలుగైదు ఎక్కువ నాటి ఉంచండి. తమ్ముడిని చంకనెత్తుకొని వచ్చే అక్కలు ప్రతి ఊరిలోనూ ఉంటారు. తమ్ముడి పేరు అడిగి అక్కడికక్కడే రాయవచ్చును.