కండ గుర్తుంచుకుంటుంది, నడుమే ఒప్పుకోదు

బరువులు వదిలేసి మళ్లీ పట్టుకునేవారికి మల్లీశ్వరి చివరి నాలుగేళ్లు చెప్పే కథ

సిడ్నీ, 2000 సెప్టెంబర్ 19. మహిళల 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి చివరి ప్రయత్నం. బార్‌పై 137.5 కిలోలు. ఎత్తలేకపోయారు. అయితేనేం, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం ఆమెదే అయింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ కూతురు, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అంతగా చర్చకు రానిది ఆ తర్వాతి కథ. 2001లో ఆమెకు కొడుకు పుట్టాడు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలతో మళ్లీ బరిలో దిగాలనుకుంటే తండ్రి మరణం అడ్డుపడింది. 2004లో ఏథెన్స్‌ దాకా వెళ్లారు గానీ వెన్నునొప్పి పోటీని పూర్తి చేయనివ్వలేదు. అప్పటికి ఆమె వయసు 29. ఆట అక్కడితో ముగిసింది.

విరామం తర్వాత శరీరం ఎంతవరకు సహకరిస్తుంది? అనుకున్నదానికంటే ఎక్కువే అంటున్నాయి పరిశోధనలు. ఎలుకలపై నార్వే శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భారం పడ్డప్పుడు కండరకణంలో కొత్త కేంద్రకాలు చేరతాయి. కండ కరిగినా అవి మాత్రం మిగిలే ఉంటాయి. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందా అన్న వాదన ఇంకా తెగలేదు. ఫిన్లండ్‌లోని యువస్కులా విశ్వవిద్యాలయం 2024లో మనుషులనే పరీక్షించింది. ఒక బృందం 20 వారాలు ఏకబిగిన బరువులెత్తింది. మరో బృందం పది వారాలు ఎత్తి, పది వారాలు మానేసి, మళ్లీ పది వారాలు ఎత్తింది. చివరికి రెండు బృందాలూ దాదాపు సమానంగా తేలాయి. మానేసిన రోజుల్లో కండ తగ్గినంతగా బలం తగ్గలేదు.

కానీ పది వారాలు వేరు, పదేళ్లు వేరు. పైగా కండరం పుంజుకున్నంత వేగంగా దాన్ని ఎముకకు కట్టిపడేసే స్నాయువులు పుంజుకోవు. చిక్కంతా ఇక్కడే. హాస్టల్ రోజుల్లో వంద కిలోలతో గుంజీలు తీసిన కుర్రాడు నలభైకి చేరువై జిమ్‌లో అడుగుపెడతాడు. పొట్ట పెరిగిన సంగతి అద్దం చెబుతూనే ఉంటుంది, మనసు మాత్రం ఆ వందనే పట్టుకుని కూర్చుంటుంది. పక్కన ఇరవయ్యేళ్ల పిల్లాడు చూస్తుంటే ఇక చెప్పేదేముంది! పాత బరువులో సగంతోనో, ఇంకా తక్కువతోనో మొదలుపెట్టి, నెలల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడమే క్షేమం. బరువును ఎత్తేటప్పటికంటే దించేటప్పుడే కండరం ఎక్కువ దెబ్బతింటుంది. తొలి రోజుల్లో మితిమీరితే కండరాలు చితికి, ఆ వ్యర్థాలు మూత్రపిండాలను ముంచుతాయి. తీవ్రమైన నొప్పితో పాటు మూత్రం కోలా రంగుకు మారితే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

విరామాన్ని దాటి వచ్చినవారూ లేకపోలేదు. 2017 ప్రపంచ చాంపియన్ మీరాబాయి చాను నడుంనొప్పితో 2018 ఆసియా క్రీడలకు దూరమయ్యారు. చికిత్స కోసం 2020లో ఆమెను అమెరికా పంపారు. మరుసటి ఏడాది టోక్యోలో 202 కిలోలెత్తి రజతం తెచ్చారు. ఇద్దరి గాయాలనూ ఒకే గాటన కట్టలేం. వయసులు వేరు, పరిస్థితులు వేరు. అయినా ఒక తేడాను విస్మరించలేం. మీరాబాయి వెనుక ఫిజియోలు, నిపుణులు, ఖర్చు భరించే ప్రభుత్వం ఉన్నారు. ఒలింపిక్ పతకాలపై ఆశలున్న క్రీడాకారులను ఆదుకునే ‘టాప్స్’ పథకం 2014లో మొదలైంది. పసిబిడ్డ తల్లిగా మళ్లీ బార్ పట్టిన మల్లీశ్వరి ఏథెన్స్ వెళ్లింది అంతకు పదేళ్ల ముందు.