రోజుకు 70 కిలోమీటర్లు తిరిగితేనే డీజిలు కారు గిట్టుబాటు

మిర్చి గాని, పసుపు గాని కొన్న ధర ఒక్కటే చూసి లాభం లెక్కకట్టే వర్తకుడు ఉండడు. కిరాయి, హమాలీ, కమీషను, వడ్డీ అన్నీ కలిపి సరకు గోదాముకు చేరేసరికి ఎంత పడిందన్నదే అసలు లెక్క. కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం బంకులో లీటరు ధర చూసి “డీజిలే చవక” అని తేల్చేసేవారు ఇంకా ఉన్నారు.

ఆ మాట ఒకప్పుడు నిజమే. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధరపై అదుపు ఎత్తివేసి, డీజిలుపై మాత్రం కొనసాగించింది. ఫలితంగా 2012 మే నెలాఖరున ఢిల్లీలో పెట్రోలు లీటరు రూ. 73 దాటగా, డీజిలు రూ. 41 లోపే ఉంది. 2013 జనవరి నుంచి డీజిలు ధరను నెలనెలా కొద్దికొద్దిగా పెంచి, 2014 అక్టోబరులో దానిపైనా అదుపు తొలగించారు. 2024 మార్చిలో లీటరుకు రూ. 2 తగ్గించిన తర్వాత హైదరాబాదులో పెట్రోలు సుమారు రూ. 107, డీజిలు రూ. 96 పలికాయి. తేడా రూ. 11కు దిగింది.

అయితే డీజిలు బలం ధరలోనే లేదు. లీటరు డీజిలులో శక్తి పెట్రోలుకంటే నూటికి 10 పాళ్లకు పైగా ఎక్కువ. ఇంజనులో వృథా కూడా తక్కువ. అందువల్ల మైలేజీ ఎక్కువ.

ఉదాహరణకు ఒకే మోడలులో పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిలు కారు 21 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. పై ధరలకు కిలోమీటరు ఖర్చు పెట్రోలుకు రూ. 6.69, డీజిలుకు రూ. 4.57. ఆదా రూ. 2.12.

ఇక పెట్టుబడి వైపు చూడాలి. డీజిలు బండికి రూ. 1,50,000 అదనంగా పెట్టాలనుకుంటే, నూటికి రూపాయి చొప్పున నెల వడ్డీ రూ. 1,500. అసలును 5 ఏళ్లలో రాబట్టాలంటే నెలకు మరో రూ. 2,500. మొత్తం రూ. 4,000. ఈ సొమ్ము ఆదా రూపంలో తిరిగి రావాలంటే బండి నెలకు సుమారు 1,890 కిలోమీటర్లు నడవాలి. నెలకు 26 రోజుల చొప్పున రోజుకు 70 కిలోమీటర్లు దాటాలన్నమాట. కారు అమ్మేటప్పుడు డీజిలు బండికి మంచి ధర వస్తే ఈ హద్దు కొంత దిగుతుంది. సర్వీసు ఖర్చు పెరిగితే పైకి పోతుంది.

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోకి రావడంతో డీజిలు బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టరు తప్పనిసరైంది. అది శుభ్రపడాలంటే ఇంజను బాగా వేడెక్కేలా కొంతదూరం ఒకే వేగంతో నడవాలి. ఇంటి నుంచి యార్డుకు, యార్డు నుంచి బ్యాంకుకు తిరిగే బండికి ఆ అవకాశం ఉండదు. ఫిల్టరు పూడుకుపోతే ఖర్చు తక్కువేమీ కాదు. ఖర్చు పెరిగే కారణంగా మారుతి సుజుకి అప్పుడే డీజిలు కార్లు ఆపేసింది. పెట్రోలుకూ ఇబ్బంది లేకపోలేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో మైలేజీ కొంత తగ్గుతుంది.

గుంటూరులో ఉండి మిర్చి యార్డుకు మాత్రమే వెళ్లివచ్చే వ్యాపారికి పెట్రోలు కారే లాభం. మిగిలిన లక్షన్నర సీజనులో సరకుపై తిరుగుతుంది. రోజూ విజయవాడకు పోయివచ్చే వారు సరిగ్గా హద్దు మీద ఉన్నట్టు. నిత్యం జిల్లాలు దాటి కొనుగోళ్లకు తిరిగే బ్రోకరుకు మాత్రం డీజిలు నిజంగానే కలిసివస్తుంది.

కొనబోయేవారు ముందుగా ఒక నెలపాటు పాత బండి మీటరు రాసిపెట్టుకోవడం మంచిది. షోరూములో చెప్పే మైలేజీకంటే ఆ అంకెకే విలువ ఎక్కువ.