ముద్ద కడుపులో పడ్డాక కాలేయంలో జరిగేది

పప్పన్నంలో వేసుకున్న నెయ్యి నీళ్లలో కలిసేది కాదు. చిన్నపేగులో దాన్ని సన్నని బిందువులుగా విడగొట్టి అరిగేలా చేసేది పిత్తరసం. అందులో అసలు పని పిత్త ఆమ్లాలది. వాటిని కాలేయం కొలెస్టరాల్ నుంచి తయారుచేస్తుంది. ఒంట్లో ఉండే పిత్త ఆమ్లాలు మొత్తం కలిపినా కొన్ని గ్రాములే. చిన్నపేగు చివరి భాగం వాటిలో దాదాపు 95 శాతాన్ని పీల్చుకుని మళ్లీ కాలేయానికి పంపుతుంది. మలంతో పోయేది రోజుకు సుమారు అర గ్రాము, కాలేయం కొత్తగా చేసుకోవాల్సిందీ అంతే. లెక్క చిన్నది కాబట్టి, తరిగింది నింపుకోవడం తప్ప ఇందులో విశేషమేముందని అనిపించవచ్చు. కానీ ఈ తయారీ మన భోజన వేళలను అంటిపెట్టుకుని సాగుతుంది, అందులో ఇన్సులిన్ చెయ్యి పెద్దదే. అందుకే షుగర్ జబ్బును రక్తంలో చక్కెర అంకెతోనే కొలిచే అలవాటు సరైనది కాదంటాను.

ఈ తయారీ వేగం ప్రధానంగా సైప్-7ఎ1 అనే ఎంజైమ్ చేతిలో ఉంటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఫాక్స్ఓ1 అనే ప్రొటీన్ కాలేయ కణాల కేంద్రకంలో చేరి, ఈ ఎంజైమ్ జన్యువుకు కళ్లెం వేస్తుంది. తిన్నాక క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. ఆ ఇన్సులిన్ ఫాక్స్ఓ1ను కేంద్రకం నుంచి బయటికి పంపగానే జన్యువు పని మొదలుపెడుతుంది. మనిషి కాలేయ కణాలపై చేసి 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంకో సంగతీ తేలింది. ఇన్సులిన్ తగిలిన కొద్దిసేపటికి ఈ జన్యువు చురుకందుకుంది, అదే ఇన్సులిన్ ఎక్కువసేపు ఉండిపోతే మందగించింది. అంటే ఎంత ఇన్సులిన్ ఉందనేదే కాదు, ఎంతసేపు ఉందనేదీ ముఖ్యమే. ఇక ఆపే కబురు పేగు నుంచి వస్తుంది. చిన్నపేగు చివరికి చేరిన పిత్త ఆమ్లాలను ఎఫ్ఎక్స్ఆర్ అనే గ్రాహకం గుర్తుపడుతుంది. దానితో ఎఫ్‌జీఎఫ్-19 అనే హార్మోన్ రక్తంలో కలిసి, ఇక చాలని కాలేయానికి చెబుతుంది.

ఇదంతా శరీర గడియారం మహిమే, తిండితో సంబంధమేమిటని ఒక అభ్యంతరం ఉంది. గడియారం పాత్ర నిజమే. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా పరిశోధకులు 2005లో, మనుషుల్లో పిత్త ఆమ్లాల తయారీ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఒకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో మరోసారి పెరిగి, రాత్రంతా తగ్గి ఉంటుందని చూపారు. రాత్రిళ్లు తిరిగి తినే ఎలుకల్లో ఇది రాత్రి పెరుగుతుంది. అయితే తిండి వేళలు మారిస్తే ఎలుకల కాలేయ గడియారమే ఆ వేళలకు జరుగుతుంది. కాబట్టి గడియారాన్నీ భోజనాన్నీ విడదీయలేం. ఎలుక సంగతులు మనిషికి ఎలా వర్తిస్తాయన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. పెద్ద ఎలుకకు పిత్తాశయమే లేదు, చిట్టెలుక పిత్త ఆమ్లాల రకాలూ వేరు. అందుకే నేను మనుషుల్లో దొరికిన ఆధారాలనే ఎక్కువ నమ్ముతాను. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించనివారి రక్తంలో, సైప్-8బి1 అనే మరో ఎంజైమ్ తయారుచేసే ఒక తరహా పిత్త ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయని 2013లో వెల్లడైంది. కొవ్వును, కొలెస్టరాల్‌ను పేగు బాగా పీల్చుకునేలా చేసేవి ఈ తరహావే.

రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమవుతుందా అంటే, కాదు. కానీ కోలెసెవెలామ్ అనే మందును చూడండి. అది రక్తంలోకి వెళ్లదు, పేగులోనే ఉండి పిత్త ఆమ్లాలను పట్టేసుకుంటుంది. మొదట కొలెస్టరాల్ తగ్గించడానికి వాడిన ఆ మందు రక్తంలో చక్కెరనూ కొంత తగ్గించడంతో, 2008లో అమెరికా దాన్ని టైప్-2 షుగర్‌కు అదనపు మందుగా అనుమతించింది. పేగులోని పిత్త ఆమ్లాలను కదిలిస్తే రక్తంలో చక్కెర కదిలిందంటే, ఈ రెంటి బంధం కాకతాళీయమని కొట్టిపారేయలేం.

షుగర్ ఉన్నవారిలో పిత్తాశయంలో రాళ్లూ ఎక్కువే. తిన్నాక కుడి డొక్క కింద నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకండి. డాక్టరును కలిసి, పొట్టకు అల్ట్రాసౌండ్ స్కాన్ అవసరమేమో అడగండి.