మాటరాని పంటి నొప్పి

మాటలు రాని పిల్లాడు రాత్రంతా ఏడుస్తాడు, దవడ మీద తనే కొట్టుకుంటాడు. ఆటిజం ఉందని తెలిసిన ఇంట్లో ‘వాడి తీరే అంత’ అని ఊరుకుంటారు. తెలియని ఇంట్లో గాలి సోకిందేమో అనుకుంటారు. ఇలాంటప్పుడు ముందు నోరు తెరిపించి చూడాలి. పుచ్చిన పన్ను ఏడిపిస్తూ ఉండొచ్చు.

ఆటిజం నేరుగా పళ్లను పుచ్చబెట్టదు. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మార్చి పన్నును తినేయడం ఏ పిల్లలకైనా ఒకటే. కానీ ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి పేస్టు నురగ, పుదీనా ఘాటు, బ్రష్ కుచ్చు రాపిడి భరించరానివిగా ఉంటాయి. అది మొండితనం కాదు. కొందరు అంబలి ముట్టరు, సంతలో కొన్న బిస్కెట్లే కావాలంటారు. ముద్దను బుగ్గన పెట్టుకుని గంటలు గడుపుతారు. మూర్ఛ కూడా ఉండి ఫెనిటాయిన్ మందు వాడుతుంటే చిగుళ్లు ఉబ్బొచ్చు. తియ్యటి సిరప్పు మందుల సంగతి సరేసరి.

బ్రష్ అలవాటుకు తొందర పనికిరాదు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని తలను గుండెకు ఆనించుకోండి. మొదట పెదవిని వేలితో తాకండి. ఓర్చుకున్నాక చిగురు, ఆ తర్వాతే మెత్తని బ్రష్. రోజూ అదే చోట, అదే వేళ. నురగ రాని, ఘాటు లేని ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. మన అరకు కొండల్లో వేప, కానుగ పుల్లలు ఉండగా పేస్టెందుకని అడుగుతారు. పుల్ల పాచిని తీస్తుంది కానీ ఫ్లోరైడ్ ఇవ్వదు.

పళ్ల డాక్టరు కోసం అరకు నుంచి విశాఖ వెళ్లడమంటే నూరు కిలోమీటర్లు దాటిన ఘాట్ రోడ్డు ప్రయాణం. కొత్త చోటు, యంత్రాల మోత కలిస్తే పిల్లాడు కుర్చీ ఎక్కకపోవచ్చు. అందుకే ముందుగా దగ్గర్లో చూపించడం మేలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్లు పరీక్షించే సమస్యల్లో ఆటిజమూ ఉంది, పిప్పిపళ్లూ ఉన్నాయి. బడి మానేసి ఇంట్లోనే ఉండే పిల్లాడు ఈ పరీక్షకు దొరకడు. ఆ సంగతి ఆశా కార్యకర్తకు చెప్పి, బృందం వచ్చే రోజున వాణ్ణి తీసుకెళ్లాలి.

డాక్టరును ఒక మందు గురించి అడగండి: సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. డ్రిల్లు అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు. పుచ్చు మీద పూస్తే అది పెరగకుండా ఆగే అవకాశముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పూసిన చోట పుచ్చు నల్లబడుతుంది. పాలపన్నైతే ఎలాగూ ఊడిపోయేదే.