గోరంత కార్డు... కొండంత జ్ఞాపకం!

జనగామలో ఓ పెళ్లనుకోండి. జీలకర్ర-బెల్లం అయింది, తలంబ్రాలయ్యాయి. అప్పగింతల వేళ నాయనమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకుంది. ఆ క్షణం కెమెరాలో పడింది. ఆర్నెల్లకు ఆ పెద్దావిడ కాలం చేసింది. గోడకు పెట్టుకుందామని ఆ ఫొటో కోసం వెతికితే... తెర మీద 'కార్డు ఎర్రర్' అని రెండు ముక్కలు!

రీలు రోజుల్లో నెగెటివ్ ఉంటే చాలు, ఎన్ని ఫొటోలైనా కడిగించుకునేవాళ్లం. డిజిటల్ కెమెరాలో ఆ ధీమా లేదు. కార్డులో ఉన్నది ఒక్కటే అయితే, అది పోయిందంటే అంతా పోయినట్టే.

సంచే... బీరువా కాదు!

ఎస్‌డీ కార్డును పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కంపెనీలు కలిసి 1999లో ప్రకటించాయి. లోపల ఉండేది ఫ్లాష్ మెమరీ చిప్. ఫొటో అందులోని కోట్లాది సూక్ష్మమైన అరల్లో విద్యుదావేశంగా నిలుస్తుంది. రాసి చెరిపిన కొద్దీ ఆ అరలు అరిగిపోతాయి. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే ఆవేశం మెల్లగా జారిపోతుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా! అందుకే మండు వేసవిలో కారు డాష్‌బోర్డు మీద కార్డు వదిలేయకూడదు. అసలు కార్డు ఫొటోలను ఇంటికి మోసుకొచ్చే సంచి మాత్రమే, దాచుకునే బీరువా కాదు.

ఇవి మరవొద్దు

* కెమెరాలో లైటు మిణుకుమంటుంటే ఫొటో ఇంకా కార్డులోకి ఎక్కుతోందని అర్థం. అప్పుడు కార్డు లాగొద్దు. కెమెరా ఆపాకే తీయాలి.
* బ్యాటరీ అడుగంటే దాకా, కార్డు నిండిపోయే దాకా తీస్తూ పోవద్దు.
* ఫొటోలు రెండు చోట్ల దాచాకే ఫార్మాట్ చేయాలి. అదీ కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే.
* పెళ్లంతా ఒక్క కార్డులోనే తీయకుండా మధ్యలో మార్చాలి. ఫొటోగ్రాఫర్‌ని కుదుర్చుకునేటప్పుడు 'రెండు కార్డుల కెమెరా ఉందా?' అని అడగండి. అందులో ప్రతి ఫొటో ఏకకాలంలో రెండింట్లోనూ పడేలా పెట్టుకోవచ్చు.
* మరీ చవగ్గా దొరికే కార్డుల్లో నకిలీలుంటాయి. పైన 128 జీబీ అని ఉన్నా లోపల అంత చోటుండదు. కొన్నవెంటనే నిండా కాపీ చేసి, తెరిచి చూసుకోవాలి.

పిల్లాడు చెరిపేస్తే?

మహబూబాబాద్ దగ్గరి కురవి వీరభద్రస్వామి జాతరకు వెళ్లొచ్చారు. కెమెరాతో ఆడుతూ బుడ్డోడు ఫొటోలన్నీ డిలీట్ కొట్టేశాడు. కంగారొద్దు! మామూలుగా డిలీట్ చేస్తే పోయేది విషయసూచికే. పేజీలు లోపలే ఉంటాయి, వాటి మీద కొత్త ఫొటో పడే దాకా. కాబట్టి ఆ క్షణం నుంచి ఒక్క ఫొటో కూడా తీయకుండా కార్డు బయటికి తీసి, పక్కనున్న లాక్ మీట కిందికి జరపాలి. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలా వరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. దొరికినవాటిని కంప్యూటర్లో దాచాలి, మళ్లీ అదే కార్డులో కాదు. 'ఫార్మాట్ చేయాలా?' అని కంప్యూటర్ అడిగితే 'వద్దు' అనండి. కార్డును కంప్యూటర్ గుర్తించకపోతే మాత్రం సొంత వైద్యం మానేసి, డేటా రికవరీ చేసేవారికి ఇవ్వడమే మేలు.

ఒక కాపీ వేరే ఊళ్లో!

2023 జులై 27. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీట మునిగింది. జనం మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అలాంటప్పుడు కార్డు, కంప్యూటర్, హార్డ్‌డిస్క్ మూడూ ఒకే ఇంట్లో ఉంటే మూడూ కలిసే పోతాయి. అందుకే నిపుణులు చెప్పే లెక్క 3-2-1. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. హన్మకొండలోని అక్క ఇంట్లో ఓ హార్డ్‌డిస్క్ ఉన్నా సరే, క్లౌడ్‌లో దాచినా సరే.

కార్డు బురద నీళ్లలో పడితే మంచినీటితో కడిగి, రెండ్రోజులు నీడలో ఆరబెట్టాకే వాడాలి. తడిగా కెమెరాలో పెడితే రెండూ పాడవుతాయి.

ఇంట్లో సొరుగు తెరిస్తే పాత కార్డు ఒకటైనా దొరక్కపోదు. ఈ ఆదివారమే దాన్ని కంప్యూటర్‌కి పెట్టి చూడండి. నచ్చిన నాలుగు ఫొటోలు ప్రింటు వేయించండి. నాయనమ్మ ఉండగానే ఆమె చేతికివ్వండి!