తీగ, చిరునామా, పేరు

వెనకటి రోజుల్లో ఇంట్లో దీపం ఆరిపోతే ఫ్యూజు చూసేవాళ్లు. రేడియో మూగపోతే దాని నెత్తిన ఒక దెబ్బ వేసేవాళ్లు. ఆ దెబ్బకు అది చాలాసార్లు మాట్లాడేది కూడా. ఇప్పుడు ఇంటర్నెట్ పోయిందంటే ఏం చెయ్యాలో తోచక కుటుంబమంతా ఆ చిన్న రౌటర్ పెట్టె చుట్టూ చేరి, జ్వరం వచ్చిన పసిపిల్ల మొహంలోకి చూసినట్టు దాని దీపాల వంక చూస్తుంది. చివరికి ఇంటి యజమాని వచ్చి స్విచ్ ఆర్పి, మళ్లీ వేస్తాడు. బాగుపడితే అది ఆయన ప్రజ్ఞ. బాగుపడకపోతే కంపెనీ వాళ్ల నిర్వాకం!

కాలేజీలో తెలుగు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. మా కాలేజీ కంప్యూటర్ లాబ్ పర్యవేక్షణ మూడేళ్లుగా నా నెత్తిన ఉంది. ఈ మూడేళ్లలో నాకు తెలిసివచ్చిందేమిటంటే, కంప్యూటర్ జబ్బు కనుక్కోవటమూ, సంధి విడదీయటమూ ఒకే విద్య. "రాముడతడు" అన్న మాట బోధపడని పిల్లవాడిచేత "రాముడు, అతడు" అని విడదీయిస్తాం. ఏ అక్షరం ఎక్కడ లోపించిందో అప్పుడు కనిపిస్తుంది. "నెట్ రావటం లేదు" అన్నది కూడా అలాంటి సంధిమాటే. దాన్ని విడదీస్తే మూడు మాటలు బయటపడతాయి: తీగ, చిరునామా, పేరు.

తీగ సంగతి అందరికీ తెలుసు. అది గోడలో వైరు కావచ్చు, గాలిలో వైఫై కావచ్చు. మామూలు రాగి నెట్‌వర్కు తీగ 100 మీటర్ల దూరం వరకే పనికివస్తుంది. వైఫైకి ఇనప బీరువాలూ, లావుపాటి గోడలూ అడ్డు. రౌటరును అందానికి టీవీ వెనకో, బీరువా మీదో దాచిపెట్టి, వంటింట్లో నెట్ రావటం లేదని వాపోతే లాభం లేదు.

రెండోది చిరునామా. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ రౌటరు ఒక నంబరు ఇస్తుంది. కొత్త యంత్రం వచ్చీరాగానే, "అయ్యా, ఎవరైనా నాకో నంబరు ఇప్పించండి" అని నలుగురూ వినేలా కేక వేస్తుంది. రౌటరు పలికి, ఖాళీగా ఉన్న నంబరు ఒకటి కొంత గడువుకు ఇస్తుంది. ఈ పద్ధతిని 1993లో ఏర్పరిచారు. దాని పేరు డి.హెచ్.సి.పి. మీ కంప్యూటరు నంబరు 169.254తో మొదలవుతూ కనిపించిందనుకోండి. దాని కేకకు ఎవరూ పలకలేదనీ, పాపం తన నంబరు తనే రాసుకున్నదనీ అర్థం.

మూడోది పేరు. మనకు పేర్లు గుర్తుంటాయి. యంత్రాలకు నంబర్లు తప్ప మరొకటి తెలియదు. ఒకప్పుడు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారు పేర్లూ నంబర్లూ ఉన్న జాబితా ఒకటి ఉంచేవారు. అందరూ దాన్ని నకలు తీసుకునేవారు. యంత్రాలు పెరిగి ఆ జాబితా మోయలేని భారమైంది. అప్పుడు 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన డి.ఎన్.ఎస్. అనే ఏర్పాటు రూపొందించాడు. పేరు చెబితే నంబరు చెప్పే పెద్దమనుషులు ఊరూరా ఉంటారన్నమాట. ఆ పెద్దమనిషి పలకకపోతే తీగ బాగానే ఉంటుంది, చిరునామా బాగానే ఉంటుంది, అయినా ఏ పేజీ తెరుచుకోదు.

మా ఎదురింటి బామ్మగారికి జరిగింది ఇదే. ఆవిడ మునిమనవడి బారసాల డల్లాస్‌లో. అక్కడ ఆదివారం ఉదయం, ఇక్కడ రాత్రి. వీడియోలో చూడవచ్చని ఆవిడ పట్టుచీర తీసి పెట్టుకుంది. శనివారం సాయంత్రం నుంచి నెట్ లేదు. మనవడు రౌటరును పదిసార్లు ఆర్పి వెలిగించాడు. నేను వెళ్లి చూశాను. దీపాలన్నీ సవ్యంగా ఉన్నాయి. ఫోనుకు నంబరు వచ్చింది. పింగ్ అనే చిన్న సాధనం ఉంది. "ఉన్నావా?" అని అడిగితే అవతలి యంత్రం "ఉన్నాను" అంటుంది. దాన్ని మైక్ మూస్ అనే అమెరికన్ 1983లోనే రాశాడు. దానితో బయటి నంబరును అడిగితే జవాబు వచ్చింది. పేరుతో అడిగితే రాలేదు. ఇక వెతకవలసింది లేదు. పేర్లు చెప్పే పని 8.8.8.8కు అప్పగించాం. 2009 నుంచి గూగుల్ వారు అందరికోసం నడుపుతున్న ఏర్పాటు అది. బొమ్మ వచ్చింది. "ఏం మందు వేశావు నాయనా?" అని అడిగింది బామ్మగారు.

ఇంటి సంగతి ఇంత. కాలేజీ సంగతి వేరు.

విండోస్ 10కి మామూలుగా ఇచ్చే మద్దతును మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో ముగించారు. ఆ తరువాత మా లాబ్‌లోని 36 యంత్రాలకూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించవలసి వచ్చింది. విండోస్ 11కి కనీసం 4 జీబీ మెమరీ, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు కావాలి. మావాటిలో 27 ఆ పరీక్షలో నెగ్గాయి. మిగిలిన 9కీ లినక్స్ వేద్దామనుకున్నాం. ఉపకారవేతనాల దరఖాస్తులకు అయిదు రోజులే గడువుంది. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. లాబ్ తెరవకపోతే ఏడాది చదువు సందేహంలో పడేవాళ్లు వాళ్లలో ఉన్నారు.

పనికి వచ్చినవాడు మా పూర్వవిద్యార్థే. ఒక యంత్రాన్ని పూర్తిగా సిద్ధం చేసి, దాని అచ్చు తీసి సర్వర్‌లో పెట్టాడు. మిగిలినవి నెట్‌వర్కు మీదుగా లేచి, ఆ అచ్చు దించుకుంటాయి. అచ్చాఫీసులో ఒకసారి టైపు కూర్చి ఎన్ని ప్రతులైనా తీసినట్టు. అచ్చు తీసేముందు మొదటి యంత్రం గుర్తింపును తుడిచెయ్యాలట. లేకపోతే ఒకే తరగతిలో ముప్ఫైమంది రామారావులు తయారవుతారు!

మొదటిరోజు ఆరు యంత్రాలు చక్కగా లేచాయి. రెండోరోజు ఇరవై మొదలుపెడితే పదకొండు మధ్యలో నిలిచిపోయాయి. చిరునామా వస్తున్నది. సర్వర్ నుంచి ఫైలు మాత్రం ఎంతకీ రాదు. వెంటనే కాలేజీలో తలా ఒక సిద్ధాంతం బయలుదేరింది. ఎలుకలు తీగ కొరికాయని అటెండరు. యంత్రాలు ముసలివైపోయాయని ఆఫీసు సూపరింటెండెంటు. కొత్త సర్వర్ కొనాలని మరొకరు. కుర్రవాడు ఎవరినీ కాదనలేదు. "మాస్టారూ, ఒకేసారి రెండు మార్చకూడదండీ. మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు" అన్నాడు.

నిలిచిపోయిన యంత్రాన్ని, లేచిన యంత్రం చోట పెట్టాడు. ఒకసారి లేచింది, ఒకసారి లేవలేదు. కనుక దోషం యంత్రానిదీ కాదు, తీగదీ కాదు. తరువాత చిరునామాలు రాసుకున్నాడు. మా కాలేజీ నంబర్లు 10తో మొదలవుతాయి. నిలిచిపోయిన వాటన్నిటికీ 192.168.0 అని ఉన్నది. అంటే నంబర్లు ఇచ్చేవాళ్లు ఇద్దరున్నారు! ఊళ్లోకి రెండో కరణం దిగి తన ఇష్టం వచ్చినట్టు పట్టాలు రాసి ఇస్తున్నాడు. యంత్రం కేక వేసినప్పుడు ఎవరు ముందు పలికితే వారి పట్టా చెల్లుతుంది. ఆ కరణానికి మా సర్వర్ దారి తెలియదు, కనుక ఫైలు రాదు.

దొంగ కరణాన్ని పట్టుకోవటం ఎలా? ప్రతి పరికరానికీ తయారీలోనే పెట్టిన నంబరు ఒకటి ఉంటుంది. ఆ నంబరు ఏ తీగ మీదుగా వస్తున్నదో నెట్‌వర్కు స్విచ్ తన పట్టికలో రాసుకుంటుంది. పట్టిక చూసి, తీగ పట్టుకుని మేడ ఎక్కాం. స్టాఫ్ రూములో బీరువా వెనక ఒక ఇంటి రౌటరు పచ్చదీపంతో మిణుకుతున్నది. ఆ గదిలో ఫోను సిగ్నల్ అందక, పాఠాలకు ఇబ్బందిగా ఉన్నదని సహోద్యోగి ఒకాయన తన ఇంటినుంచి తెచ్చి పెట్టుకున్నాడు. బయటినుంచి వచ్చే తీగను ఆ రంధ్రంలో కాక, ఇంటి యంత్రాలకు ఉద్దేశించిన రంధ్రంలో పెట్టాడు. తీగ పీకేశాం. సాయంత్రానికి పదకొండూ లేచాయి. ఆయనను ఎవరూ మందలించలేదు. ఆ గదికి సక్రమమైన వైఫై పెట్టించి, సర్వర్ మాట తప్ప ఇతరుల పట్టాలు చెల్లకుండా స్విచ్‌లకు కట్టడి చేయించాం. గడువు నాటి సాయంత్రానికి దరఖాస్తులన్నీ వెళ్లిపోయాయి.

ఇక మిగిలింది మా తెలుగు శాఖ కంప్యూటరు. "మాస్టారూ, ఇందులోది అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఉంచుకోవలసింది ఏమైనా ఉన్నదా?" అని అడిగాడు కుర్రవాడు. ఉన్నది. కొన్నేళ్లపాటు మా విద్యార్థులు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, ముసలమ్మల నోటి నుంచి రాసుకువచ్చిన 214 పాటలు: దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు, జోలపాటలు. పాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. రెండు డిస్కుల్లోకి నకళ్లు తీశాం. "నకలు తీస్తే చాలదండీ, మరో యంత్రంలో తెరిచి చూడాలి" అన్నాడు. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ!

ఫైళ్లు చెడిపోలేదు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు స్వంత చోటు దొరికినా, అచ్చుపనిలో పాత ఫాంట్లు చాలాకాలం నడిచాయి. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో ముసుగు తొలగిపోతుంది. ఫాంటు కూడా భద్రం చేసుకుని, పాటలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్పించాం. మారేటప్పుడు కొన్నిచోట్ల ఒత్తులు తారుమారయ్యాయి. నలుగురు విద్యార్థులు పాత తెర పక్కన కొత్త తెర పెట్టుకుని మూడు వారాలు సరిచూశారు. వాళ్లలో ఒక అమ్మాయి హఠాత్తుగా చదవటం ఆపేసింది. అది వాళ్ల నాయనమ్మ పాడిన అప్పగింతల పాట. కింద ఆవిడ పేరూ, ఊరూ ఉన్నాయి. అన్నిటికంటే చివర తుడిచింది ఆ కంప్యూటరునే.

గృహస్థులకు నా మనవి మూడు ముక్కల్లో. రౌటరు సవ్యంగా ఉన్నరోజున ఏ దీపాలు వెలుగుతున్నాయో, దాని పాస్‌వర్డ్ ఏమిటో కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. జబ్బు వచ్చినప్పుడు తీగ, చిరునామా, పేరు, ఈ వరుసలో చూడండి, ఒకసారికి ఒకటే మార్చండి. కొత్త సిస్టమ్ వేయించేముందు పెళ్లి ఫోటోలూ, అమ్మమ్మ గొంతూ, పిల్లల సర్టిఫికెట్లూ రెండు చోట్ల దాచి, ఆ నకళ్లను వేరే యంత్రంలో తెరిచి కళ్లారా చూసుకోండి. ఆ తరువాతే ఎవరినైనా తుడవనివ్వండి.